ఐదిళ్ల ఫోను

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు చినమొగపాలెం హైస్కూల్లో, హెడ్మాస్టరు గదిలో, పదో తరగతి చదువుతున్న వీరదుర్గ తెలుగు వాచకంలో ఒక పేరా చదవలేకపోయింది.

చదవమన్నది హెడ్మాస్టరు అనంతపద్మనాభం. విన్నవాళ్లు ముగ్గురు: తెలుగు టీచరు ఇందిర, దుర్గ తల్లి పాపాయమ్మ, తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ గంగాధరరావు. మొదటి మాట మూడక్షరాలది. దుర్గ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పలికింది. మూడూ కలిసి మాట కాలేదు. రెండో మాట దగ్గర వేలు ఆగిపోయింది. పక్క గదిలో ఆరో తరగతి పిల్లలు పద్యం అప్పజెబుతున్నారు. దుర్గ పెదవులు ఆ పద్యంతో పాటు కదిలాయి. పద్యం అయిపోయింది. వేలు మాత్రం ఉన్నచోటే ఉంది.

"చాల్లేమ్మా" అని హెడ్మాస్టరు పుస్తకం వెనక్కి తీసుకున్నారు.

ఈ గది దాకా కథ ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. ఇందిర ఈ ఏడాది వేసవి బదిలీల్లో గుడివాడ నుంచి వచ్చింది. అవనిగడ్డలో గది తీసుకుని, రోజూ బస్సు దిగి ఆటో ఎక్కి, దివిసీమ కొసన ఉన్న ఈ ఊరికి వస్తోంది. మొన్న సోమవారం స్లిప్ టెస్టుకు పిల్లల్ని పాత జంటలు విడగొట్టి కూర్చోబెట్టింది. జ్యోతిర్మయి పక్కన కూర్చున్నంత కాలం యాభైకి ముప్ఫై ఐదు తగ్గని వీరదుర్గ, ఆ రోజు కాగితం మీద తన పేరొక్కటే రాసి ఇచ్చింది. విడిగా పాఠాలు చెప్పడానికి ఒక పీరియడు అడుగుదామని ఇందిర ఆ విషయం హెడ్మాస్టరు చెవిన వేసింది. ఆయన పీరియడు ఇవ్వలేదు. తల్లికి కబురు పంపారు.

పాపాయమ్మ అవనిగడ్డలో చేపలు అమ్ముకుని తిన్నగా బడికి వచ్చింది. ఖాళీ తట్ట వరండాలో గోడకు ఆనించి లోపలికి అడుగు పెట్టింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, చీరకు నీచు వాసన ఉందని నిలబడే ఉంది. ఆమె భర్త గణపతి వేటకు వెళ్లాడు, శనివారానికి గానీ రాడు. మగదిక్కుగా ఉంటాడని గంగాధరరావును వెంట తెచ్చుకుంది. గణపతి పనిచేసేది గంగాధరరావు బోటు మీదే. జ్యోతిర్మయి గంగాధరరావు కూతురే.

హెడ్మాస్టరు విషయం సూటిగా చెప్పారు. పబ్లిక్ పరీక్షకు పిల్లల పేర్లు వచ్చే సోమవారం పంపాలి. దుర్గ పేరు పంపడం కుదరదు. టీసీ ఇస్తాం, ఓపెన్ స్కూల్లో చేర్పించే పూచీ మాది. అదీ పదో తరగతే, ఆ సర్టిఫికెట్టుకూ అంతే విలువ. ఇంకో ఏడాదికి రాసుకోవచ్చు, రెండేళ్లకైనా రాసుకోవచ్చు. మాట నెమ్మదిగానే ఉంది. కోపం లేదు.

కారణం ఆయన పైకి అనకపోయినా ఇందిరకు తెలుసు. నిరుడు పదో తరగతిలో ముగ్గురు తప్పారు. బందరులో జరిగిన సమీక్షలో అందరు హెడ్మాస్టర్ల ముందూ ఆయన్ని లేపి నిలబెట్టారు. హెడ్మాస్టరుదీ గుడివాడే, మూడు తరాలుగా బడిపంతుళ్ల ఇల్లు. పిల్లల్ని నిలబెట్టినవాళ్లే తప్ప నిలబడినవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఇంటికి వెళ్లాక రెండు రోజులు ఆయన భోజనం సరిగ్గా చేయలేదని అటెండరు స్టాఫ్ రూములో చెప్పాడు.

పాపాయమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆ బడికి రోజూ ఎల్లాలాండీ?"

"అక్కర్లేదమ్మా. ఆదివారాలు క్లాసులుంటాయి. పరీక్షకి వెళ్తే చాలు."

"బడికెల్లకుండానే కదండీ ఇట్టా అయింది."

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కాసేపటికి గంగాధరరావు వైపు తిరిగారు. ఇన్నాళ్లూ దుర్గకు మార్కులు ఎలా వచ్చాయో మీరూ ఆలోచించాలి, పక్కన కూర్చున్నవాళ్లు చూపించకపోతే రావు, రేపు పబ్లిక్ పరీక్షలో ఇదే జరిగితే చూసినవాళ్లతో పాటు చూపించినవాళ్లనీ పట్టుకుంటారు, జ్యోతిర్మయి నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు ఆశ పెట్టుకున్న పిల్ల అన్నారు.

గంగాధరరావు అప్పటిదాకా పాపాయమ్మ పక్కన నిలబడ్డాడు. ఆ మాటతో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పక్కనోళ్లు చూసి రాస్తే మా పిల్లేం చేసిద్దండీ. కళ్లు మూసుకుని రాసిద్దా?"

"అన్నయ్యా" అంది పాపాయమ్మ.

"నేనేమన్నా చెల్లెమ్మా. సార్ చెప్పేదాంట్లో తప్పేముంది? మనూళ్లో ఓపెన్‌లో రాసినోళ్లు లేరా? పిల్లకి ఓ ఏడాది ఊపిరి తిరిగిద్ది."

పాపాయమ్మ తల దించుకుంది. శనివారం భర్త దిగేది ఆయన బోటులోంచే. ఇందిర ఆమె చేతుల వైపు చూసింది. చీర కొంగు అంచును వేలికి చుడుతోంది, విప్పుతోంది.

హెడ్మాస్టరు బల్ల సొరుగు లాగారు. టీసీ పుస్తకం అందులో ఉంటుంది.

ఒక్క నిమిషం సార్, అని ఇందిర అడ్డుపడింది. దుర్గను కాదు, పాపాయమ్మను అడిగింది. కరోనాలో బళ్లు మూసేనాటికి పిల్ల నాలుగో తరగతి కదా, ఆ తర్వాత ఐదో తరగతి పాఠాలన్నీ ఫోన్లోనే వచ్చాయి కదా, మీ ఇంట్లో ఫోను ఉందా, ఆ పాఠాలు ఎవరు చూశారు, వర్క్‌షీట్లు ఎవరు రాశారు?

పాపాయమ్మ ముఖం తేటపడింది. దాచాల్సిన సంగతేదో అడుగుతారని బెదిరినట్టుంది. ఇది అలాంటిది కాదు. చెప్పుకోదగ్గ సంగతి. ఆమె ఆపకుండా చెప్పింది.

అప్పట్లో వేట లేదు, చేతిలో ఏమీ ఆడడం లేదు. ఇంటికో ఫోను కొనే స్థితి ఎవరికీ లేదు. గంగాధరరావు బోటు మీద, ఆయన ఇంటితో కలిపి, ఐదిళ్లవాళ్లు పనిచేస్తారు. ఆ ఐదిళ్లూ కలిసి ఒక ఫోను కొన్నాయి. ఫోను కొన్నారు గానీ ఊళ్లో సిగ్నల్ లేదు. ఇళ్లలో రాదు, గట్టు మీద రాదు. తుఫాను షెల్టర్ డాబా ఎక్కితే వస్తుంది. అక్కడ నీళ్ల ట్యాంకుకు ఒక ఇనప నిచ్చెన ఉంది, అది ఎక్కితే బాగా వస్తుంది. జ్యోతిర్మయికి ఎత్తు ఎక్కితే తల తిరుగుతుంది. దుర్గకు భయం లేదు. అందుకని పని పంచారు.

పంచింది గంగాధరరావు. బోటు మీద ఎలా పంచుతారో అలాగే పంచాడు. సముద్రం నుంచి వచ్చిన చేప అమ్మగా వచ్చినదాంట్లో డీజిలూ ఐసూ పోను, మిగిలింది పాలు వేస్తారు. పాలు అంటే వాటాలు. బోటుకో పాలు, వలకో పాలు, మనిషికో పాలు. వల లాగినవాడికీ, అన్నం వండినవాడికీ పాలు ఒకటే. జ్వరమొచ్చి ఒడ్డున పడుకున్నవాడికీ పాలు పక్కన పెడతారు. ఆ ఊళ్లో దానికి ఎదురు మాట్లాడిన మనిషి లేడు.

ఐదిళ్లలో పిల్లలు ఐదుగురు. ముగ్గురు పెద్దవాళ్లు, ఇప్పుడు బడి దాటిపోయారు. ఐదో తరగతివాళ్లు జ్యోతిర్మయీ దుర్గా. పొద్దున్నే దుర్గ ఫోను పట్టుకుని డాబా ఎక్కేది. ఐదుగురి పాఠాలూ దిగేదాకా నిచ్చెన మీద చెయ్యి ఎత్తి నిలబడేది. దిగాక తెచ్చి ఇస్తే, పెద్దవాళ్లు చూసుకునేవాళ్లు, తర్వాత జ్యోతిర్మయి చూసేది. పెద్దవాళ్లవి వాళ్లు రాసుకునేవాళ్లు. ఐదో తరగతి వర్క్‌షీటు జ్యోతిర్మయి రెండు రాసేది, తనదొకటి, దుర్గదొకటి. సాయంత్రం దుర్గ మళ్లీ ఎక్కి అందరివీ ఫొటోలు పంపేది. హాజరు కూడా ఐదుగురిదీ అదే వేసేది.

"మా పిల్ల ఎక్కకపోతే ఐదిళ్లకీ చదువు లేదండీ" అంది పాపాయమ్మ. "వాన పడినా ఎక్కింది. ఓసారి పిడుగు పడిందంటే గోనెపట్టా కప్పుకుని ఎక్కింది. అన్నయ్య కూడా తక్కువ చెయ్యలా. జ్యోతికెన్ని మార్కులో దీనికీ అన్నే."

"పాఠం దుర్గ ఎప్పుడు చూసేదమ్మా?"

"ఆఖర్న చూసేదండీ. దీని వంతొచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయేది."

అవే నెలల్లో గుడివాడలో ఇందిర కూతురు తన్మయి తలుపు వేసుకుని గదిలో కూర్చుని చదివింది. తన్మయిదీ ఇప్పుడు పదో తరగతే. నెట్ ఆగితే ఇందిర తమ్ముడు సుహాస్ బండి మీద వచ్చి బాగు చేసి వెళ్లేవాడు. అప్పుడు అది ఇందిరకు ఇబ్బందిగా తోచింది, తమ్ముణ్ణి మాటిమాటికీ పిలవాల్సి వస్తోందని.

"అంటే దుర్గకి వచ్చిన పాలు ఏంటండీ?" అని ఆమె గంగాధరరావును అడిగింది.

"పాసైంది కదండీ."

ఆ మాట అనేశాక గంగాధరరావు కూతురి క్లాసు ఉన్న వైపు కిటికీలోంచి చూశాడు. అరచేతిని మోకాలి మీద రుద్దుకున్నాడు.

"చేపైతే ఎవరు పట్టినా కూర ఒకటేనండీ" అన్నాడు.

బళ్లు తెరిచాక కూడా సంగతి బయటపడకపోవడానికి కారణం దుర్గ చెప్పింది. ఆ రోజు ఆమె తనంతట తాను మాట్లాడింది అదే మొదటిసారి. ఆరో తరగతి నుంచీ ఎవరూ చదవమని అడగలేదు. టీచరు చెప్పిన పాఠం వింటే వచ్చేస్తుంది. విననిది జ్యోతి గట్టు మీద నడుస్తూ అప్పజెబుతుంది. పద్యాలన్నీ వచ్చు. సైన్సు వచ్చు. పరీక్షలో మాత్రం జ్యోతి కాగితం చూసి అక్షరాల బొమ్మలు దించుతుంది. కొన్ని అక్షరాలు తెలుసు. అవి పక్కపక్కన నిలబడితే తెలియవు.

ఇందిర అప్పుడు అడిగిన ప్రశ్న గదిలో లెక్క మార్చింది. మీ బోటు సంగతి సరే, మిగతా బోట్లవాళ్లు ఏం చేశారు?

"ఏ బోటుకా బోటేనండీ" అన్నాడు గంగాధరరావు. "మమ్మల్ని చూసి అందరూ అట్టాగే కొన్నారు. బోటుకో ఫోను."

"ఎన్ని బోట్లు?"

"పదకొండండీ."

హెడ్మాస్టరు చెయ్యి సొరుగు మీదే ఉండిపోయింది. బోటుకో ఫోను ఉంటే, ఫోనుకో ఎక్కేవాడు ఉండి ఉండాలి. ఆ ఎక్కేవాళ్లు ఈ బడిలోనే, ఏదో ఒక తరగతిలో కూర్చుని ఉండాలి. పదకొండూ ఒకే డాబా ఎక్కాయి. వాళ్లెవరో దుర్గకు తెలియకుండా ఉండదు.

ఆయన దుర్గను దగ్గరకు పిలిచారు. ఎవరెవరు ఎక్కేవాళ్లో చెప్పమన్నారు.

"చెప్పనండీ."

"చెప్తే నీ పేరు సోమవారం పంపిస్తా. మీ అమ్మ ముందే చెబుతున్నా."

పాపాయమ్మ కూతురి వైపు ఒక అడుగు వేసింది. చెప్పేయమన్నట్టు తల ఊపింది. దుర్గ తల్లిని చూసింది, నేల చూసింది.

"నేను చెప్పకూడదండీ. ఆళ్లది ఆళ్లే చెప్పుకోవాలి."

గంగాధరరావు తల ఎత్తి దుర్గ వైపు చూశాడు.

ఆ తర్వాత వాదన ఇందిరకూ హెడ్మాస్టరుకూ మధ్య నడిచింది. పిల్లను బయటకు పంపి తలుపు దగ్గరగా వేశారు. దుర్గ ఒక్కతే అనుకుంటే టీసీతో సర్దుకుంటుంది, పదకొండు మంది ఉంటే పదకొండు టీసీలు ఇస్తారా అని ఇందిర అడిగింది. పదకొండు మంది ఉన్నారని ఎవరు చూశారు, మీ లెక్క మీది అని ఆయన అన్నారు. ఇప్పుడు మొదలుపెడితే మార్చికి ఈ పిల్లకు చదవడం వస్తుందని ఆమె అంది. రాకపోతే బందరులో నిలబడేది మీరు కాదు, నేను అని ఆయన అన్నారు. అది నిజమేనని ఇందిర ఒప్పుకుంది.

చివరకు ఆయనే ఒక మాట మీదకు వచ్చారు. రేపు సాయంత్రం లోపు ఆ పిల్లలు ఆయన కళ్ల ముందుకు రావాలి. వాళ్లంతట వాళ్లే రావాలి. దుర్గ ఒక్కతే మిగిలితే సోమవారం టీసీ. అంతమందీ ఉన్నది నిజమైతే అప్పుడు ఆలోచిస్తారు.

"వస్తే టీసీ ఇవ్వరని వాళ్లకి చెప్పొచ్చా సార్?"

ఆయన చాలాసేపు బల్ల మీది అద్దం కింద ఉన్న టైం టేబుల్ చూశారు.

"చెప్పొద్దు. ఎంతమందో తెలియకుండా నేను మాట ఇవ్వలేను."

శుక్రవారం ఉదయం ప్రార్థన ఎప్పటిలాగే జరిగింది. ప్రతిజ్ఞ అయ్యాక బడి లీడరు శ్రీకృష్ణ ముందుకు వచ్చి వార్తలు చదివాడు. పదో తరగతివాడు. గొంతు మైకు అక్కర్లేనిది. అవనిగడ్డ నుంచి మొదటి బస్సులో వచ్చే పేపరు అతనే తీసుకుంటాడు. ఏడో తరగతి చదివే చెల్లెలు శాంతిని వెంటబెట్టుకుని, అందరికంటే ముందే బడికి వస్తాడు. ముందే వచ్చి ఒకసారి చూసుకుంటాడు కాబట్టే తడబడడని హెడ్మాస్టరు మిగతా పిల్లలకు అతన్ని చూపిస్తుంటారు. ఆ రోజు రొయ్యల ధర పడిపోయిందన్న వార్త చదివాడు, బంగాళాఖాతంలో అల్పపీడనం సంగతి చదివాడు. చదవడం అయ్యాక పేపరు మడిచి హెడ్మాస్టరు చేతికి ఇచ్చాడు.

రెండో పీరియడులో ఇందిర పదో తరగతికి వెళ్లింది. తర్వాత తొమ్మిదికి, ఎనిమిదికి వెళ్లింది. మూడు చోట్లా ఒకే మాట చెప్పింది. సాయంత్రం బడి వదిలాక తుఫాను షెల్టర్ డాబా మీద ఉంటాను. కరోనాలో ఫోను పట్టుకుని ఆ డాబా ఎక్కినవాళ్లు రండి. పేర్లు రాసుకోను. హెడ్మాస్టరు గారు కూడా అక్కడ ఉంటారు. వస్తే ఏమవుతుందో నాకూ తెలియదు. మీరు రాకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు, ఒక్క మనిషి బడి మానేస్తుంది.

ఆ మనిషి ఎవరో అప్పటికి ఊరంతా తెలుసు. పదో తరగతిలో ఎవరూ దుర్గ వైపు తిరగలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు, డాబా మీద మేడం గారు టిఫినేమైనా పెడతారా అని మెల్లగా అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. శ్రీకృష్ణ లేచి నిలబడి వాణ్ణి కూర్చోమన్నాడు, వాడు కూర్చునే ఉన్నాడు. ఈసారి ఇంకొందరు నవ్వారు.

జ్యోతిర్మయి చెయ్యి ఎత్తింది. సోమవారం నుంచి ఆమె, దుర్గ వేరే బెంచీల్లో కూర్చుంటున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

"ఎక్కనోళ్లు రావచ్చాండీ?"

నీకు తల తిరుగుతుంది కదా అని ఇందిర అంది. జ్యోతిర్మయి చెయ్యి దించలేదు. రావచ్చని చెప్పాక దించింది.

షెల్టర్ బడికి ఆనుకునే ఉంది. సాయంత్రం గంట కొట్టాక ఇందిర, దుర్గ ముందు ఎక్కారు. కాసేపటికి హెడ్మాస్టరు ఎక్కి వచ్చారు. పొద్దుటి పేపరు చేతిలోనే ఉంది. పిట్టగోడ మీద అది పరిచి కూర్చుందామనుకున్నారు గానీ గాలికి నిలవలేదు. మడిచి మళ్లీ చేత్తోనే పట్టుకున్నారు. పైనుంచి చూస్తే ఒక పక్క రొయ్యల చెరువుల్లో నీళ్లు కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి, ఇంకో పక్క మడ చెట్లు, వాటి అవతల ఏరు సముద్రంలో కలిసే మొగ. కింద బడి ఆవరణలో పిల్లలు గుంపులుగా నిలబడి పైకి చూస్తున్నారు. ఎవరూ కదలడం లేదు. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. అవనిగడ్డ ఆఖరి బస్సు అందుకోవాలంటే ఇందిర ఆ ఆటోలోనే పోవాలి. ఆమె పిట్టగోడ మీంచి చెయ్యి ఊపి అతన్ని పొమ్మంది.

దుర్గ నీళ్ల ట్యాంకు నిచ్చెన దగ్గర నిలబడింది. హెడ్మాస్టరు అక్కడే ఎందుకని అడిగారు.

"ఇది మా బోటు చోటండీ. ఒకళ్ల చోటుకి ఇంకోళ్లు పోకూడదు. తగువులొస్తన్నాయని పంచుకున్నాం. ఆ మూల..."

ఆగిపోయింది. ఆయన ఆ మూల వైపు చూశారు. అక్కడ ఏమీ లేదు.

ముందు ఎక్కి వచ్చింది జ్యోతిర్మయి. ఒక చెయ్యి గోడకు ఆనించి, కళ్లు మెట్ల మీదే పెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కింది. పైకి వచ్చాక పిట్టగోడకు దూరంగా నేల మీద కూలబడింది. పాకుతూ నిచ్చెన దాకా పోయి దుర్గ కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఇంత పైకి ఎక్కేదానివంటే" అంది.

"నిచ్చెన కూడా" అంది దుర్గ.

నువ్వు లెక్కలోకి రావమ్మా అని హెడ్మాస్టరు జ్యోతిర్మయితో అన్నారు. తెలుసండీ అని ఆమె చెప్పింది.

ఆ తర్వాత కాసేపు ఎవరూ రాలేదు. ఆయన వాచీ చూసుకున్నారు. పోదామా అన్నట్టు ఇందిర వైపు చూశారు. సరిగ్గా అప్పుడే కింద ఆవరణలో గుంపు కొంచెం విడిపోయింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి మెట్లెక్కి వచ్చింది. టీచర్ల వైపు రాలేదు, పలకరించలేదు. తిన్నగా దుర్గ చెప్పబోయి ఆగిన మూలకు వెళ్లి నిలబడింది. ఆమె వెనక ఎనిమిదో తరగతివాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకడు మెట్ల గది పక్కన, ఇంకొకడు నీళ్ల గొట్టం దగ్గర నిలబడ్డారు. పదో తరగతి నుంచి వచ్చినవాళ్లలో పొద్దున టిఫిన్ సంగతి అడిగినవాడు ఉన్నాడు. వాడు తలవంచుకుని తన చోటికి నడిచాడు. ఎవరికీ ఎవరూ దారి చూపలేదు. వచ్చిన ప్రతివాళ్లూ ఐదేళ్ల కిందట తమ బోటు ఫోను పట్టుకుని నిలబడ్డ చోటే నిలబడ్డారు. ఒకరిద్దరి చెయ్యి దానంతటదే కాస్త పైకి లేచి మళ్లీ కిందికి దిగింది.

హెడ్మాస్టరు వేలితో లెక్కపెట్టారు. దుర్గతో కలిపి పది.

"పది మందండీ" అన్నారు.

ఉత్తరం వైపు పిట్టగోడ దగ్గర ఒక చోటు ఖాళీగా ఉంది. పిల్లలు ఎవరూ అటు నిలబడలేదు. దుర్గ ఆ చోటు చూసింది. అంతలోనే తల తిప్పుకుంది. బోట్లు పదకొండని ఇందిరకు గుర్తుంది. ఆమె మెట్ల వైపు వెళ్లి కిందికి చూసింది. మెట్ల మొదట్లో ఏడో తరగతి శాంతి ఇద్దరి పుస్తకాల సంచులూ భుజాన వేసుకుని నిలబడి ఉంది.

శ్రీకృష్ణ అప్పటికి సగం మెట్లు ఎక్కాడు.

బడి లీడరు కదా, గేటు మూయాలనో, కింద ఎవరో అడుగుతున్నారనో కబురు తెచ్చాడని హెడ్మాస్టరు అనుకున్నారు.

"ఏం శ్రీకృష్ణా, ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండీ."

అతను ఆయన్ని దాటుకుని వెళ్లి, ఉత్తరం పిట్టగోడ దగ్గర ఖాళీగా ఉన్న చోట నిలబడ్డాడు.

హెడ్మాస్టరు చేతిలోని పేపరు మడత విప్పారు. అతని దగ్గరకు నడిచి, పొద్దున అతను చదివిన పేజీయే పైకి వచ్చేలా తిప్పి, అతని ముందుకు చాచారు.

శ్రీకృష్ణ దాన్ని అందుకోలేదు. "పొద్దున శాంతి చదివి చెబితే బట్టీ పట్టానండీ" అన్నాడు.